నోటి నిండా గుండుసూదులు

వీధి మలుపులో, ఇస్త్రీ కొట్టు పక్కనే టైలరమ్మ ఇల్లు. ముందు గదిలో కిటికీ కింద కుట్టు మిషను, దాన్ని ఆనుకుని గుడ్డలు కత్తిరించే బల్ల, బల్ల కింద గుడ్డముక్కల గంప. ఆ గంపలోనే పిట్ట పెరిగింది. పిట్ట అంటే టైలరమ్మ కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తండ్రి అలా పిలిచాడు, అదే ఖాయమైపోయింది. రెండేళ్లు నిండి నెలలు గడుస్తున్నా ఆ పిట్ట మాత్రం కూయలేదు.

కూయలేదంటే బొత్తిగా నోరు లేదని కాదు. పడితే ఇల్లెగిరేలా ఏడుస్తుంది. గిలిగింతలు పెడితే పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఏదన్నా అడిగితే పెదాలు రెండూ బిగించి "ఊఁ" అంటుంది, ఇష్టం లేకపోతే "ఉహూఁ" అంటుంది. అంతకు మించి అమ్మా లేదు, నాన్నా లేదు. తెలివికేమీ లోటు లేదు. తల్లి గడ్డంతో చూపిస్తే చాలు, సుద్దముక్క కావాలో టేపు కావాలో కనిపెట్టి తెచ్చిస్తుంది.

"వీడూ అంతేనే. మూడో ఏడు దాకా నోరు విప్పలేదు. విప్పాక మళ్ళీ మూశాడా?" అని అత్తగారు కొడుకుని చూపించి ధైర్యం చెప్పేది. ఆ కొడుకు బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని విని ఇంటికొచ్చి, "కాసేపు నిశ్శబ్దంగా ఉంటే బాగుండు" అనుకునే రకం. కూతురు చప్పుడు చెయ్యకుండా ఒళ్ళో కూర్చుంటే అతనికి హాయిగానే ఉండేది. టైలరమ్మకే ఉండేది కాదు. దాని ఈడు పిల్లలు ఎవరు కనిపించినా ఆవిడ కళ్ళు ముందు వాళ్ళ నోటి మీదికే పోయేవి.

ఒకరోజు లెక్కల టీచరు కొత్త గౌను వేసుకుని చూసుకోడానికి వచ్చింది. పొడవు ఎక్కువైంది. ఆవిణ్ణి పీట మీద నిలబెట్టి, టైలరమ్మ కింద కూర్చుని అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. సూదులు వరసగా పెదాల మధ్య పెట్టుకోవడం, ఒక్కొక్కటీ తీసి గుచ్చడం ఆవిడ అలవాటు.

"మీ పాపకి ఇంకా మాటలు రాలేదా?" అంది టీచరు పైనుంచి. "మా అన్నయ్య కూతురు దీని ఈడుదే. పాటలు కూడా పాడేస్తోంది. ఎవరికన్నా చూపించారా? ఆలస్యం చెయ్యకూడదమ్మా ఇలాంటివి."

టైలరమ్మ "ఊఁ" అంది. నోట్లో సూదులుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే టీచరు ఆ పూట చాలానే వినేది. సగం మాత్రం కోపం. మిగతా సగం, ఆవిడ అన్నది నిజమేనన్న భయం.

సాయంత్రం అన్నాల దగ్గర మొగుడితో, "రేపు సెలవు పెట్టండి. పిట్టని పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం" అంది.

"ఎందుకే, పిల్ల శుభ్రంగా ఉంటేనూ?"

"అది శుభ్రంగా ఉందని వాళ్ళ నోటితో చెప్పిద్దామనే."

ఆసుపత్రిలో పిట్ట చెవులకి రకరకాల చప్పుళ్ళు వినిపించారు. గంట మోగిన వైపు చటుక్కున తిరిగింది. బొమ్మల్లో కుక్కేదంటే వేలు పెట్టింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. పిట్టతో కాసేపు ఆడి, వీళ్ళ వైపు తిరిగింది.

"చెవులు చక్కగా ఉన్నాయమ్మా. చెప్పింది అర్థం చేసుకుంటోంది. కొంతమంది పిల్లలు మాటల్లో కాస్త నెమ్మది. ఇంట్లో పాపతో ఎక్కువగా ఎవరు మాట్లాడతారు?"

"నేనేనండీ!" అంది టైలరమ్మ. "పొద్దున్న లేచింది మొదలు నా నోరు ఆగదు. కావాలంటే ఈయన్ని అడగండి."

"ఆ విషయంలో మాత్రం అబద్ధం లేదు మేడమ్" అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ నవ్వింది. "మంచిదే. మాట్లాడేటప్పుడు మీ మొహం పాపకి బాగా కనపడేలా చూసుకోండి. వచ్చే నెల మళ్ళీ తీసుకురండి. అప్పటికీ ఇలాగే ఉంటే, మాటలు నేర్పేవాళ్ళ దగ్గరికి పంపిస్తాను. కంగారేం లేదు."

అంత చెప్పినా, టైలరమ్మ చెవిలో మిగిలింది "అప్పటికీ" అన్న ఒక్క ముక్కే.

మర్నాటి నుంచి పిల్లని పట్టుకుని "అమ్మ అను, అమ్మ అను" అంటూ కూర్చుంది. పిట్ట తల్లి చెంపలు రెండూ తట్టి "ఊఁ" అనేది. ఇంతలో బళ్ళు తెరిచే రోజులు వచ్చాయి. యూనిఫారం గుడ్డలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. మిషను తిరిగినంత సేపూ గుండె బరువు కాస్త మరుగున పడేది. ఆపితే మళ్ళీ మామూలే.

డ్రైవరుకి సెలవు దొరికిన ఒక మధ్యాహ్నం, టైలరమ్మ పెరట్లో గుడ్డలు ఆరేస్తోంది. మొగుడు గుమ్మంలోంచి చెయ్యూపాడు. "ఇలా రా. చప్పుడు చెయ్యకు."

బల్ల కింద పిట్ట దుకాణం పెట్టింది. మెడలో పాత టేపు. ఎదురుగా, బల్ల కోడుకి ఆనించి నిలబెట్టిన గుడ్డబొమ్మ. పిట్ట పెదాలు గట్టిగా బిగించి ఉన్నాయి. వాటి మధ్య నుంచి దారం ముక్కలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో ముక్క తీయడం, బొమ్మ గౌను అంచుకి తగిలించడం. "ఊఁ" అంది. వెనక్కి జరిగి, తల వంచి చూసి "ఉహూఁ" అంది. బొమ్మని అటు తిప్పింది. ఆ తర్వాత దాని మొహంలోకి చూస్తూ, చివర్లో సాగదీసి, "ఊఁఊఁఊఁ?" అంది. నోరు ఖాళీ లేనప్పుడు టైలరమ్మ కూతురుని "ఆకలేస్తోందా?" అని అడిగే తీరు సరిగ్గా అదే.

డ్రైవరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "అచ్చం నువ్వేనే!"

టైలరమ్మా నవ్వబోయింది. నవ్వు సగంలో నిలిచిపోయింది.

"అచ్చం నేనే" అంది.

అప్పుడు లెక్క తేలింది. తన నోరు ఆగని మాట నిజమే, కానీ ఎవరితో? ఎవరన్నా వస్తే సూదులు తీసి పక్కన పెట్టి, వీధి వీధంతా చుట్టొచ్చేలా కబుర్లు చెబుతుంది. వాళ్ళు గడప దాటగానే, ఇక పని చూసుకోవాలని నోటి నిండా సూదులు నింపుకుంటుంది. గదిలో మిగిలేది పిట్ట ఒక్కతే. పని నేర్పిన పిన్ని "చేతులు గుడ్డ మీద, సూదులు పెదాల మీద" అని చెప్పి నేర్పింది. ఆ అలవాటు ఇంత దూరం వస్తుందని పిన్నికి మాత్రం ఏం తెలుసు?

"అత్తయ్యా, పిట్ట నోరు కట్టేసింది నేనే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చాల్లే, అంత నేరం నువ్వొక్కదానివే నెత్తినేసుకోకు" అంది అత్తగారు. "ఇంట్లో నేను లేనూ? వీడు లేడూ? దానికి 'ఊఁ'తో పని జరిగిపోతోందని అందరం ముచ్చటపడ్డాం. డాక్టరమ్మ నెమ్మది అందిగా, నెమ్మదే అయ్యుండచ్చు. అయినా ఆ సూదులు తీసేస్తే మన సొమ్మేం పోయింది?" గంపలోంచి ఒక ఎర్ర ముక్క ఏరి, లోపల చిన్న పీలికలు కుక్కి, సూదులు గుచ్చుకోడానికి మణికట్టుకి కట్టుకునే బుల్లి దిండు కుట్టి కోడలి చేతిలో పెట్టింది.

దిండు కట్టుకోవడం తేలికే. అలవాటు మానడమే కష్టం. చెయ్యి తనంతట తనే నోటి దగ్గరికి పోయేది. పని కుంటినడక నడిచింది. సూదులు లేని నోటితో పసిదానికి ఏం చెప్పాలో మొదట్లో తోచలేదు. "ఇదిగో పిట్టా, ఇది కాలరు. కాలరు మెడ చుట్టూ ఉంటుంది. నీ మెడేదీ? ఇదిగో!" అంటే, వంటింట్లోంచి అత్తగారు "కాలరుకి ఇంత కథుందా?" అని నవ్వేది. పిట్ట మాత్రం కత్తెర చప్పుడు కూడా వినకుండా తల్లి పెదాలనే చూసేది. ఒకసారి వేలు పెట్టి నోరు తెరిపించి, లోపలికి తొంగి చూసింది, ఆ సూదులన్నీ ఎక్కడికి పోయాయా అని.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు దగ్గర పడింది. "ఊఁ" మాత్రం "ఊఁ"గానే ఉంది.

ఆ వారంలోనే లెక్కల టీచరు మరో గౌనుతో దిగింది. సాయంత్రానికే కావాలట. పక్కన యూనిఫారాల కుప్ప, మధ్యలో టీచరు తొందర. ఆ హడావుడిలో టైలరమ్మ దిండు మిషను మీదే మర్చిపోయి, సూదులు గబుక్కున పెదాల మధ్య పెట్టేసుకుని పీట దగ్గర కూర్చుంది. పిట్ట వచ్చి కొంగు లాగింది. "ఊఁ" అంది తల్లి, తల తిప్పకుండానే.

పిట్ట మిషను దగ్గరికి పోయి, మునివేళ్ళ మీద లేచి, ఎర్ర దిండు లాక్కుని వచ్చింది. రెండు చేతులతో దాన్ని తల్లి గడ్డం కిందికి పట్టింది.

"తియ్" అంది.

గదిలో మిషను ఆగి ఉంది కాబట్టి అందరికీ స్పష్టంగానే వినపడింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. టైలరమ్మకి కేక పెట్టాలనుంది, పిల్లని ముద్దులతో ముంచెత్తాలనుంది. నోటి నిండా సూదులు! పెదవి కదిలితే గొంతులోకే. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి. దిండు అందుకుని, ఒక సూది తీసి గుచ్చింది.

"తియ్" అంది పిట్ట.

ఇంకోటి తీసింది.

"తియ్."

ఆఖరి సూది కూడా దిండులోకి చేరాక, వీధిలో అందరికీ కబుర్లు పంచే టైలరమ్మ కూతురి మొహానికి మొహం ఎదురుగా పెట్టింది. "తీశానమ్మా. అన్నీ తీసేశాను" అంది. పిట్ట తృప్తిగా ఆ నోరు తడిమి చూసి, ఒళ్ళోకెక్కి కూర్చుంది.

గౌను అంచు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి వేలాడుతున్నా పట్టించుకోకుండా టీచరు పీట దిగింది. చేతులు మోకాళ్ళ మీద ఆనించి వంగి, "ఏదమ్మా, ఇంకొక్కసారి అను. నా బంగారు తల్లివి కదూ!" అని బతిమాలింది.

పిట్ట ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. పెదాలు రెండూ గట్టిగా బిగించి, "ఉహూఁ" అంది.