సీత చేతికి ఒప్పని కారు

తాళం తిప్పితే ఇంజను కుయ్‌కుయ్‌మని తిరుగుతుంది, అంతే, అందుకోదు. ఎందుకో పెరంబూరులో ఆ వీధివాళ్ళందరికీ తెలుసు. సీత మొగుడు పోయి నెల దాటినా కారును మాత్రం వదిలిపెట్టలేదట! నవ్వి ఊరుకుందామంటే సీతకు నవ్వు వచ్చేది కాదు. డ్రైవరు సీటులో కూర్చుంటే చాలు, ఆయన నస్యం వాసన గుప్పుమనేది. పక్కన ఎవరో ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టు ఒళ్ళు జలదరించేది.

అసలు ఈ పీడ ఆయన బతికుండగానే మొదలైంది. సీత బడిపంతులమ్మ. ముచ్చటపడి డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన కొత్తలో, ఆయన ఇంట్లో లేనప్పుడు తాళం తిప్పి చూసింది. కారు ససేమిరా అంది. సాయంత్రం ఆయనొచ్చి కూర్చున్నాడో లేదో, బుద్ధిగా స్టార్టయింది. తర్వాత ఎప్పుడు ప్రయత్నించినా ఇదే తంతు. “నీ హస్తవాసి అంతేలే,” అని ఆయన నవ్వేవాడు. అత్తగారు ఆ మాట పట్టుకుని ఊరంతా చాటింది. చివరికి సీత కూడా నమ్మేసింది, పిచ్చి మనిషి! బళ్ళో కొత్తగా చేరిన పసిపిల్లల చెయ్యి పట్టుకుని తొలి అక్షరం దిద్దించే పని మానుకుని, పక్క టీచరుకు అప్పజెప్పింది. తన చెయ్యి తగిలితే వాళ్ళ చదువు ఏమైపోతుందోనని భయం.

ఆ చెయ్యి సంగతి ఇవాళ తేల్చుకుందామనే చింతాద్రిపేట నుంచి మెకానిక్ సుందరాన్ని పిలిపించింది. ఇవాళ కూడా కదలకపోతే కారును పాత ఇనుముకు ఇచ్చేసి, ఆ మాట నిజమేనని ఒప్పేసుకోవాల్సిందే.

సుందరం ప్లగ్గు ఊడదీసి చూశాడు. నిప్పురవ్వ బాగానే వస్తోంది. సీతను తాళం సగం తిప్పమని, తను వెనక సీటుకు చెవి ఆనించాడు.

“పెట్రోలు పంపు సద్దే లేదు మా. తాళం తిప్పంగానే ఈడ గుంయ్‌మనాల. ట్యాంకులో పెట్రోలు ఉండాది, ఇంజనుకి పోవడంలా.”

ఫ్యూజు సరిగ్గానే ఉంది. పంపు వైరు వెంబడే చెయ్యి పోనిస్తూ డ్రైవరు సీటు దాకా వచ్చాడు. కింద కార్పెట్టు ఎత్తితే చిన్న స్విచ్చి!

“దొంగల భయానికి పెట్టించుకోనుంటారు సారు. దిగేటప్పుడు దీన్ని ఆపేస్తే ఎవురూ తీసకపోలేరు. ఈ టేపు చుట్టింది చూస్తే మా ఆంటో పనిలా ఉండాది, ఉండండి.” ఎలక్ట్రీషియన్ ఆంటోకు ఫోను కలిపి స్పీకరులో పెట్టి, పెరంబూరు సారు కారులో సీటు కింద స్విచ్చి పెట్టింది నువ్వేనా, దొంగల కోసమేనా అని అడిగాడు.

“ఆ, పెరంబూరు సారా! దొంగలకి కాదు పా,” అని ఆంటో పకపకా నవ్వాడు. “వాళ్ళింటామె లైసెన్సు తీసిందంట. కారు ఎత్తకపోకుండా ఏదైనా చెయ్యమన్నాడు.”

సుందరం గబుక్కున ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత తలెత్తలేదు.

సీతకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. వీధివాళ్ళ మాట అబద్ధమేం కాదు. ఆయన ఈ కారులోనే ఉన్నాడు, ఇన్నేళ్ళూ ఇక్కడే ఆ సీటు కింద నక్కి ఉన్నాడు. ఎంతమంది పిల్లల చేతులు వదులుకుంది తను!

స్విచ్చి వేసి తాళం తిప్పింది. ఇంజను ఒక్క ఊపున అందుకుంది. అయినా పక్కన ఆయన ఉన్నట్టే ఉంది. సీత అటు తిరిగి, పెళ్ళయింది మొదలు ఎన్నడూ నోటితో పలకని మొగుడి పేరు పెట్టి పిలిచింది.

“భాష్యం! దిగు.”