సగ్గుబియ్యం డబ్బాలో తుపాకి గడియ

మహర్నవమి పొద్దున వెనక వసారాలో గారెలకు పిండి రుబ్బుతున్నాను. పొత్రం ఆపి, అంచులకెక్కిన పిండిని రోట్లోకి తోస్తున్నప్పుడు ముందుగదిలోంచి రెండు చప్పుళ్లు వినిపించాయి. మొదటిది ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు. రెండోది టక్కున మూసుకున్న చప్పుడు.

అది నాకు బాగా తెలిసిన చప్పుడే. మా రైఫిలు గడియ మూసుకుంటే అలాగే ఉంటుంది. కానీ ఆ వేళకి గడియ వంటింటి పై అరలో, సగ్గుబియ్యం డబ్బాలో ఉండాలి. చేతులు కూడా కడుక్కోకుండా లోపలికి వెళ్లి చూశాను. డబ్బా ఉండాల్సిన చోట దుమ్ములో గుండ్రటి మచ్చ ఉంది. కింద పీట మీద పీట వేసి ఉంది. పిల్లల మాటలు వినపడి చాలాసేపైందని అప్పుడు తోచింది.

పిల్లలు పడుకున్నాక ఆ క్షణం గురించే రాసుకుందామని కూర్చున్నాను. కానీ ఆ తుపాకిని తలుచుకుంటే భయం కన్నా సంతోషమే ముందు గుర్తొస్తోంది. కాబట్టి అది తెనాలిలో మా అద్దె ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

మావారు కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. గడియారం ఆగిపోతే విచారించరు, విప్పి చూడొచ్చని సంతోషిస్తారు. ఆయన సొంత ఊరు రేపల్లె దగ్గర. మడ అడవుల్లోంచి అడవిపందులు వచ్చి వరిచేను తొక్కేస్తుంటే, మామగారికి చూపు ఆనక, పంట కాపలాకని తుపాకి లైసెన్సు ఈయన పేర తీసుకున్నారు. పందుల్ని బెదిరించడానికి ఏదో ఒక నాసిరకం తుపాకి కొంటారనుకున్నాను. ఇంతలో బాపట్లలో ఒక పెద్దాయన, అడవుల శాఖలో పనిచేసి రిటైరైనవారు, తన పాత వేట రైఫిలు మంచి చేతుల్లో పెట్టాలని చూస్తున్నారని ఎవరో చెప్పారు. అప్పట్నుంచి ఈయన అన్నం ముందు కూర్చుని కూడా పరధ్యానమే.

"కొనడానికి కాదోయ్. ఊరికే చూడ్డానికి" అన్నారు.

"చూడ్డానికే అయితే నేనూ వస్తాను" అన్నాను.

వద్దనడానికే వెళ్లాను. అప్పటికి పెద్దదానికి ఆరేళ్లు, చిన్నవాడికి మూడు. మెట్ల మీంచి పడతారేమో, బావిలోకి తొంగి చూస్తారేమో, వేరుశెనగ గింజ గొంతుకి అడ్డం పడుతుందేమో అని రోజంతా హడలిపోయే మనిషిని. ఆ భయాల వరసలో తుపాకికి చోటివ్వడం నా వల్ల కాదనుకున్నాను.

పెద్దాయన ఇంట్లో మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, గుడ్డ సంచిలోంచి రైఫిలు తీశారు. తీస్తూనే దాని పక్కనున్న పిడిని పైకెత్తి వెనక్కి లాగి, జానెడు ఇనప కడ్డీ ఒకటి ఊడదీశారు. అది అచ్చం తలుపు గడియలాగే ఉంది. గడియ వేస్తేనే తుపాకి పేలుతుందట. దాన్ని భార్య చేతికిచ్చారు.

"ఇది మీ పిన్నిగారి దగ్గర ఉన్నంతసేపూ నా చేతిలో ఉన్నది ఉత్త కర్ర, అమ్మాయ్. భయపడకు" అన్నారు.

ఆవిడ గడియని బొడ్లో దోపుకుని కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ వెళ్లడం చూశాక నా భయం సగం తగ్గింది.

మావారు గొట్టం, గురి చూసే రేకులు, మీట, అన్నీ ఒక్కొక్కటే తడిమి చూస్తున్నారు. నా కళ్లు చెక్క మీద పడ్డాయి. నేను బీఎస్సీలో బోటనీ చదివాను. చెక్క కనిపిస్తే గీతలు చూడడం అప్పటి అలవాటు. ముదురు బెల్లం రంగు మీద నల్లటి చారలు, ఏటి నీళ్లలో ఇసుక కదిలినట్టు, వెనక నుంచి ముందుకి పారుతున్నాయి. చెంప ఆనించే చోట కొన్నేళ్ల చెమటకి నునుపు తేలింది. చెయ్యి పట్టుకునే చోట సన్నటి గళ్లు చెక్కి ఉన్నాయి. కొన్ని గళ్లు అరిగిపోయాయి.

"ఇది అక్రోటు చెక్క కదండీ?" అన్నాను.

పెద్దాయన నా వైపు తిరిగి కూర్చున్నారు. "చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ గొట్టం చూసి ఎంత దూరం కొడుతుందని అడిగాడు. చెక్క పేరు ఎవడూ అడగలేదు. ఇటు రా, నీకొకటి చూపిస్తాను."

గడియ ఊడదీసిన వైపు నుంచి గొట్టంలోకి చూడమని, రెండో కొసని కిటికీ వైపు పెట్టారు. లోపల వెలుగు మెలికలు తిరుగుతోంది. సన్నటి గీతలు చుట్టలు చుట్టుకుంటూ వెళ్లి చివర నాణెమంత ఆకాశంలో కలిశాయి. అంత అందమైనది తుపాకి లోపల ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"దీంతో ఏం కొట్టారు బాబాయిగారూ?"

"కుర్రతనంలో కొట్టాను. తర్వాత ఊరికే భుజాన వేసుకుని తిరిగాను. ఇప్పుడు నూనె రాస్తున్నాను."

"నా తలకి రాసిన నూనె కన్నా దానికి రాసిందే ఎక్కువమ్మా" అంది పిన్నిగారు లోపల్నుంచి.

వద్దనడానికి వెళ్లినదాన్ని "తీసుకుందామండీ" అన్నాను. మావారు నమ్మలేనట్టు చూశారు. ఆ తర్వాత కాగితాల పని నెలల తరబడి సాగింది. పోలీసు స్టేషన్లో ఆ కాగితాలు చూసే ఆయన "తెనాల్లో పులులు దిగాయేంటి మాస్టారూ?" అన్నారట. మావారు పందుల సంగతి వివరంగా చెప్పబోతే "సరేలెండి, పందులకి ఇంత మంచి మర్యాదా" అని ముద్ర వేశారట.

బాపట్ల నుంచి రైల్లో తెచ్చేటప్పుడు దాన్ని బొంతలో చుట్టి మా ఇద్దరి మధ్య నిలబెట్టుకున్నాం. గడియ నా చేతిసంచిలో ఉంది. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిడ చాలాసేపు చూసి చూసి అడిగింది.

"ఏంటమ్మాయ్ అది, వీణా?"

"కాదండి, తుపాకి" అన్నాను.

పెట్టెలో అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, "వాయించమంటామని భయమా? మొహమాటపడకు, తెనాలి ఇంకా దూరముందిగా" అంది. దిగేదాకా వదల్లేదు. ఈయన బొంతలో మొహం దాచుకుని నవ్వుతూనే ఉన్నారు. పెళ్లయ్యాక మేమిద్దరం అంతగా నవ్వుకున్న ప్రయాణం అదే.

ఇంటికి చేరగానే షరతు పెట్టాను. తుపాకి, గడియ, తూటాలు మూడూ ఒక్కచోట ఉండకూడదు. తుపాకి బీరువాలో. గడియ నా దగ్గర. తూటాలు రేపల్లెలో, అత్తగారి చెక్కపెట్టెలో. మావారు వెంటనే ఒప్పుకుని తూటాలు అక్కడ ఇచ్చి వచ్చారు. మేము ఏడాదికొకసారైనా వండని వస్తువేదా అని ఆలోచించి, గడియని నూనెగుడ్డలో చుట్టి సగ్గుబియ్యం డబ్బాలో పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలు నిద్రపోయాక గడియా తుపాకీ కలిపేవాళ్లం. ఆయన గొట్టంలోకి గుడ్డ దోపి తుడిస్తే, నేను చెక్కకి అవిసె నూనె రాసేదాన్ని. నూనె తాగి చారలు పైకి తేలుతుంటే కాలేజీ రోజులు గుర్తొచ్చేవి. గడియ ఎత్తి, లాగి, తోసి, దించడం నాకూ వచ్చేసింది. నెయ్యి రాసినట్టు జారి చివర్న టక్కుమంటుంది. పొలంలో మావారు దాన్ని ఒక్కసారే, అదీ ఆకాశంలోకి పేల్చారు. పందులు ఆ ఒక్క రాత్రి రాలేదు.

మళ్లీ నవమి పొద్దుటికి వస్తాను. అత్తగారు ముందురోజే రేపల్లె బండిలో వచ్చారు. మావారు అరిటాకులకని బజారుకి వెళ్లారు. నేను పిండి చేతులతో ముందుగదిలోకి పరిగెత్తాను.

అత్తగారు అమ్మవారి పటం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. రైఫిలు ఆవిడ ఒళ్లో ఉంది. దానికి నిలువునా పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు, మెడలో బంతిపూల దండ. గడియ వేసి ఉంది. పక్కన ఇత్తడి పళ్లెంలో తూటాలు, ఒక్కోదానికీ బొట్టు. పెద్దది గంధం గిన్నె పట్టుకుని నిలబడింది. గొట్టం మూతికి ఎదురుగా చిన్నవాడు కూర్చుని బంతిపూల రేకులు ఒక్కొక్కటే లోపలికి దోపుతున్నాడు.

"వచ్చావా, హారతి వెలిగించు" అన్నారు అత్తగారు.

చిన్నవాడి రెక్క పట్టుకుని నా వెనక్కి లాగేశాను. రైఫిలు అందుకుని మూతిని గోడవైపు తిప్పి గడియ వెనక్కి లాగాను. లోపల ఖాళీ. పళ్లెంలో చూస్తే, మావారు ఇచ్చి వచ్చిన ఆరింట్లో పొలంలో పేల్చింది పోను ఐదుండాలి, నాలుగే ఉన్నాయి.

"ఇంకోటేదండీ?"

"అమ్మవారి పాదాల దగ్గర. ఆవిడకి చూపించకపోతే ఎట్టా?"

పటం కిందకి వంగి చూశాను, ఉంది. తుపాకి మీద పసుపుతో పాటు గారెల పిండి కూడా అంటుకుంది.

"అత్తయ్యా, ఈ మూడూ ఎందుకు కలిపారు?"

"కలపకపోతే? పూజ చేద్దామని బీరువాలోంచి తీస్తే దీని గడియ లేదు. భిన్నమైనదానికి పూజ చేస్తారా? ముక్కు విరిగిన విగ్రహానికి దణ్ణం పెడతావా నువ్వు? ఇంటికి ఆయుధం వచ్చాక మొదటి నవమి. నిండుగా ఉండాలని తూటాలు వక్కల సంచిలో పెట్టుకుని తెచ్చాను. గడియేదే అంటే నీ కూతురు ఎక్కి తీసిచ్చింది. మీ మామగారి కొడవలి పిడి ఊడితే కూడా పిడి వేయించాకే బొట్టు పెడతాం మా ఇంట్లో."

ఈలోగా మావారు అరిటాకులతో గుమ్మంలోకి వచ్చి, పసుపు పట్టిన అక్రోటు చెక్కని చూసి, "అయ్యో, చెక్క" అన్నారు. ఆ తర్వాత పళ్లెం చూశారు. నా మొహం చూశారు. ఆకులు కింద పెట్టేశారు.

"రేపు బాపట్ల తీసుకెళ్లి ఇచ్చేసి రండి" అన్నాను.

ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. "అలాగే" అన్నారు. వాదిస్తే కోపమైనా వచ్చేది.

అత్తగారు చిన్నబుచ్చుకున్నారు. "మూడు చోట్ల పెట్టింది పిల్లల కోసమని నాకెవరైనా చెప్పారా? భద్రంగా పెట్టమ్మా అన్నాడు వీడు. పెట్టాను. ఎందుకో చెప్పుంటే సంచి ముట్టుకుంటానా? నా మనవడి కన్నా ఎక్కువా నాకిది? ఇచ్చేయండి."

పూజైతే అయింది. మధ్యాహ్నం, ఇచ్చేసేది శుభ్రంగా ఇవ్వాలి కదా అని తుడవడానికి కూర్చున్నాం. ఈసారి పిల్లలు నిద్రపోలేదు, పొమ్మనే ఓపిక నాకు లేదు. మావారు వెనక నుంచి తుడిచే కడ్డీ తోస్తే గొట్టం మూతిలోంచి బంతిరేకులు జలజలా రాలాయి. చిన్నవాడు చప్పట్లు కొట్టాడు. అత్తగారు నవ్వాపుకోలేక, "మీ తుపాకికి ఇంతకన్నా మంచి తూటా ఏముందిరా" అన్నారు. నాకూ నవ్వొచ్చింది.

పెద్దది మెల్లగా నా పక్కకి చేరింది.

"డబ్బాలో ఉందని నాకెప్పట్నుంచో తెలుసమ్మా. ఆదివారం పడుకోం మేము. తలుపు సందులోంచి చూస్తాం. నువ్వా గొట్టంలో ఏదో చూసి నవ్వుతావుగా. ఏం కనిపిస్తుందమ్మా?"

ఈ పిల్లకి జవాబు చెప్పకుండా తుపాకిని బాపట్ల పంపేస్తే, ఇది ఆ జవాబు ఇంకో ఇంట్లో, ఇంకో తుపాకిలో వెతుక్కుంటుంది. అక్కడ నేనుండను. సగ్గుబియ్యం డబ్బా ఎంత పైన ఉన్నా దీనికి పీటలు ఉన్నాయి. అత్తగారికి చెప్పలేదు, పిల్లలకీ చెప్పలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే భయపడితే చాలనుకున్నాను.

"బాపట్ల వద్దులెండి" అన్నాను మావారితో. "కానీ గడియకి తాళం ఉన్న ఇనప్పెట్టె కావాలి. తాళంచెవి నా మెళ్లో ఉంటుంది."

ఆయన గుడ్డ మడత పెడుతూ తల వంచుకున్నారు. నవ్వుతున్నారని భుజాలు చూస్తే తెలిసింది.

"తూటాలు నా పెట్టెలోంచి కదిలితే ఒట్టు" అన్నారు అత్తగారు. "వచ్చే నవమికి తుపాకి, గడియా పక్కపక్కనే పెట్టుకుని చేస్తాను. అమ్మవారికి నేను చెప్పుకుంటాలే."

దశమి పొద్దున పిల్లలకి తలంటి, కొత్తబట్టలు తొడిగి, ముందుగదిలో చాప మీద కూర్చోబెట్టాను. గడియ ఊడదీసి బొడ్లో దోపుకున్నాను. రైఫిలు మూతిని కిటికీ వైపు పెట్టి, వెనక నుంచి ముందు పెద్దదానికి, తర్వాత చిన్నవాడికి చూపించాను. వాడు చూసినంతసేపూ ఊపిరి తీసుకోలేదు. "జంతికలు" అన్నాడు చివరికి. ఇద్దరూ కడుపునిండా చూశాక చెప్పాను.

"ఇది చాలా అందంగా ఉంటుంది, మనిషిని చంపుతుంది కూడా. చూడాలనిపిస్తే నన్నడగండి. పిండి రుబ్బుతున్నా ఆపి వచ్చి చూపిస్తాను, ఎన్నిసార్లడిగినా విసుక్కోను. నేను లేకుండా మాత్రం ముట్టుకోకూడదు. ఇంకెవరింట్లో కనిపించినా ముట్టుకోకుండా వచ్చి నాతో చెప్పాలి. దీని మూతికి ఎదురుగా ఎవరూ కూర్చోకూడదు, పూలు పెట్టడానికైనా సరే."