సున్నా రాసిన గడి

మా మామాకు, అంటే నేను పనిచేసే అరబ్బుల ఇంటి యజమానురాలికి, కుడి మోకాలు మార్చాక మూడో రోజునే ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఆ కాలు నా పూచీ. రోజుకు మూడుసార్లు మడమ పట్టుకుని మడిచి చాపాలి. ఒకసారి నొప్పికి నా చెంప మీద కొట్టింది. కావాలని కొట్టలేదులే అన్నారు ఇంట్లోవాళ్లు. నేను మాత్రం మరిచిపోలేదు. మిష్రిఫ్‌లోని ఆ ఇంట్లో పందొమ్మిదేళ్లుగా మేడ మెట్లు ఎక్కి దిగుతున్నదాన్ని, ఇక ఆమె బరువు కూడా మోశాను. ఏడాది తిరిగేసరికి ఆమె నడిచింది. నా రెండు మోకాళ్లూ వాచిపోయాయి.

ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఎముకకు ఎముక రాసుకుంటోంది, మీకూ మార్పిడి తప్పదు అన్నాడు. నాకు పిల్లలు లేరు, భర్త పోయాడు. ఆపరేషన్ ఇక్కడే చేయించమని మామాను అడిగాను. కొడుకును అడుగు అంది. రాబోయే ఏళ్లలో ముసలివాళ్లకు ఎన్ని మోకాళ్లు మార్చాలి, దానికెంత ఖర్చవుతుంది అని లెక్కలు వేయడమే షర్క్‌లోని ఆఫీసులో అతని పని.

శుక్రవారం భోజనాలయ్యాక అతను ల్యాప్‌టాప్ తెరిచి తల్లికి ఆ లెక్క చూపించాడు. నేను పళ్లాలు తీస్తున్నాను. వాళ్ల అరబ్బీ నాకు బాగానే అర్థమవుతుంది.

"మరి ఇంటి దగ్గర సేవకు?" అని మామా అడిగింది.

"సున్నా. ప్రతి ఇంట్లో పనిమనిషి ఉంటుంది కదా."

పళ్లెం కింద పెట్టాను. "ఆ సేవ చేసింది నేను. నా మోకాళ్లు కూడా రాయండి."

అతను నవ్వాడు. "నువ్వు ఈ లెక్కలోకి రావు. ముసలితనం వచ్చేలోపు మీరంతా వెళ్లిపోతారు. ఆ ఖర్చు మీ దేశానిది."

"అక్కడ ఎవరు రాసుకుంటారు?"

"అది నాకు తెలియదు."

వంటింట్లో డ్రైవరు విన్నాడు. కడప సాయిబు, నన్ను అక్కా అంటాడు.

"ఏందక్కా, లెక్కల సారుతో కొట్లాటా? నిన్ను రాస్తే ఆయప్ప లెక్కంతా తలకిందులైపోతాది."

"నవ్వబాక. నాకు నడక పోతాండాది."

"ఇఖామా ఎప్పుడైపోతాది?" ఈ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి అది.

"వచ్చే నెల."

"అట్లయితే గమ్మునుండు. గట్టిగా అడిగితే ఖలాస్, టికెట్ చేతిలో పెడతారు."

"అడక్కపోయినా పెడతారు."

మూడు శుక్రవారాలు కొడుకును నా ఆపరేషన్ గురించి అడిగాను. నాలుగో వారం మామాకు ఎడమ మోకాలి ఆపరేషన్ ఖాయమైంది. "నువ్వు నన్ను లేపలేవు. కొత్త మనిషి వస్తోంది, కాలు మడవడం నేర్పించి వెళ్లు" అంది. ఇఖామా పొడిగించడం లేదని కొడుకు చెప్పాడు. టికెట్ అప్పటికే తీశాడు.

కొత్త మనిషి వచ్చిన రోజు, నా ఆపరేషన్ సంగతి తేల్చేదాకా నేర్పించనని వంటింట్లో నేల మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా కదల్లేదు. ఇంత మొండితనమా అంది మామా, గుమ్మంలో నిలబడి. మధ్యాహ్నానికే లేవబోయాననీ నావల్ల కాలేదనీ ఆమెకు చెప్పలేదు.

చివరికి డ్రైవరు వచ్చి నా చంకల కింద చేతులు వేసి లేపాడు. కాళ్లు నిలదొక్కుకునేదాకా వదల్లేదు.

"ఊర్లో నిన్ను ఎవరు లేపుతారక్కా?" అన్నాడు.

ఎవరూ లేరని వాడికీ తెలుసు. గోడ పట్టుకుని మామా గదికి బయల్దేరాను, కొత్త మనిషికి నేర్పించడానికి.