తాలు పేజీలు

మిరపకాయల కాలంలో మా వీధిలో ఎవరైనా తుమ్మితే గుంటూరు దాటి అమరావతిలో వినపడుతుంది. అలాంటి తుమ్ముల మధ్య, ఈ వేసవిలో, ఎదురింటి అరుగు మీద కూర్చుని ఆ ఇంటి చాచాకి ఒక డిటెక్టివ్ నవల చదివి వినిపించాను. చాచా మిర్చి వ్యాపారం మానేసి చాలా కాలమైంది. కంటికి శుక్లాల ఆపరేషన్ చేసి, కొన్నాళ్లు పుస్తకం ముట్టొద్దన్నారు.

చాచాకి డిటెక్టివ్ నవలంటే రచయితతో పందెం. హంతకుడు మొదటి నుంచీ మన కళ్లెదుటే తిరగాలి, ఆధారాలన్నీ మనకీ చూపించాలి. అప్పటికీ పట్టుకోలేకపోతే తప్పు మనదే. ఆయన ఏనాడూ ఓడలేదు. డిటెక్టివ్ కన్నా ముందే హంతకుణ్ణి పట్టేసి, అతగాడు వచ్చేదాకా టీ తాగుతూ కూర్చునే రకం.

నవల మధ్యలో రచయిత ఒక గడియారాల రిపేరువాడి కొట్టును వర్ణించాడు. ఎంతసేపు వర్ణించాడంటే, ఆ కొట్లో ముల్లు కదిలేలోపు నాకు గడ్డం పెరిగింది. కల్లంలో ఎర్రకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయల్ని ఏరేసినట్టు, నాలుగు పేజీలు ఏరేశాను.

తీరా చూస్తే హంతకుడు వాడే.

"గడియారాలోడా? వాడెప్పుడొచ్చాడ్రా?" అన్నారు చాచా.

"మధ్యలో వచ్చాడుగా చాచా. మర్చిపోయుంటారు." ఎంత తేలిగ్గా అనేశానో.

మర్నాడు చాచీ నన్ను పక్కకు పిలిచింది. "బీరువా తాళాలు నా చేతికిచ్చేశారు నాయనా. బుర్ర మీద నమ్మకం లేదంటున్నారు. వాళ్ల నాన్నకీ ఇట్టాగే మొదలైంది. ఆఖరికి కన్నకొడుకునే ఎవరు నువ్వన్నాడు."

ఆ పూట అన్నం సగంలో వదిలేసి ఎదురింటికి వెళ్లాను.

నవలల్లో చివర అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి నేరస్థుణ్ణి బయటపెడతారు. ఇక్కడ నేరస్థుణ్ణి నేనే కాబట్టి, ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేశాను. "ఆ పేజీలు నేను చదవనేలేదు చాచా. మీరు మర్చిపోయిందేమీ లేదు."

"పోనీలేరా. ముసలాణ్ణి ఊరుకోబెట్టడానికి అబద్ధాలెందుకు?"

పుస్తకం తెచ్చి ఆ నాలుగు పేజీలూ కామా కూడా వదలకుండా చదివాను. చాచా కళ్లు మూసుకుని విన్నారు. ఆయన మొహం కాస్త తేటపడింది.

"ఇది చదివావురా. ఇప్పుడు గుర్తొస్తోంది," అన్నారు. "ఇక్కడికొచ్చేసరికే నువ్వు మంచినీళ్లడిగావు."