నాలా గోడ మీద ఎర్ర గీత

మా అపార్ట్‌మెంటు వెనక పారేది ఒకప్పుడు వాగట. ఇప్పుడు నాలా అంటున్నాం, అదీ ముక్కు మూసుకుని. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు ఇళ్ల వీపులన్నీ దానికేసే తిరిగి ఉంటాయి కాబట్టి ఎవరు ఏం పారేశారో భగవంతుడికి కూడా తెలియదు. వానాకాలంలో మాత్రం అది తన పాత హోదా గుర్తు తెచ్చుకుంటుంది.

ఒక ఏడు గేటు దాటి వచ్చి మా కార్లను ముంచింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, నీళ్లు పోయాక మేం వరద కమిటీ వేసుకున్నాం. నాలా బాగా కనిపించేది మా బాల్కనీలోంచే కనుక నిఘా నాకు అప్పజెప్పారు. గోడ మీద మూడు గీతలు గీయించాం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు అంటే నీళ్లు గేటుకు జానెడు దూరంలో ఉన్నట్టు. ఎత్తు కొలవడానికి టేపు సెల్లారులో కొత్తగా దిగిన టైలర్ దగ్గర అడిగి తెచ్చాం. ఆయనది సిరిసిల్ల. అద్దెకున్నవాళ్లను మీటింగుకు పిలిచే అలవాటు మాకు లేదు. టేపు తిరిగిచ్చేసి, కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగాం.

మొన్న శ్రావణంలో పొద్దున్నే పట్టిన వాన మధ్యాహ్నానికీ వదల్లేదు. నేను పకోడీల పళ్లెంతో బాల్కనీలో కూర్చుని అద్దెకున్నవాళ్లు కూడా ఉన్న మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: "పసుపు గీత. కంగారు లేదు." మెచ్చుకుంటూ బోలెడు బొటనవేళ్లు వచ్చాయి.

"ఏవండీ, సెల్లారులో ఎవరో అరుస్తున్నారు" అంది మా ఆవిడ.

"ఎరుపు ఇంకా రాలేదే!" అన్నాను. నా తెలివి అలా ఏడిసింది.

దిగి చూస్తే టైలర్ దుకాణంలో మోకాలి లోతు నీళ్లు. గోడకున్న చిన్న కిటికీ నాలా వైపే. అందులోంచి ధారగా దూకుతున్నాయి. ఆయన భార్య కుట్టిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతోంది. సోమాజిగూడ పెళ్లికూతురి జాకెట్లవి, పెళ్లి ఎల్లుండి. ఆయనా నేనూ కలిసి మిషన్లు పైకి మోశాం. కానీ ముహూర్తం జాకెట్టు ఆ పూటే మిషన్ మీద ఉంది. మగ్గం పని చేసిన పట్టు మురుగు నీళ్లు తాగి నల్లబడింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆయన మెట్ల మీద కూలబడ్డాడు.

"మీ మెసేజ్ జూసే కదల్లే సార్. మస్తు భరోసాతోని కుట్టుకుంట కూసున్న."

"నీళ్లు ఎర్ర గీత దాకా రాలేదండీ" అన్నాను మళ్లీ, సిగ్గు లేకుండా.

ఆయన గొంతు పెంచలేదు. "ఎవరు తొడుక్కుంటరో వాళ్ల కొలతే తీస్కుంటం సార్ మేము. మీరు మీ కార్ల కొలత తీసి నాకు తొడిగిన్రు."

తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు పెళ్లికూతురి తల్లి వచ్చి మిగతా జాకెట్లు తీసుకుని, ఆయన మొహం కూడా చూడకుండా వెళ్లింది. ఆ ఇంటి నుంచి మళ్లీ ఎవరూ రాలేదు.

ఆదివారం పెయింటర్‌ను వెంటబెట్టుకుని నేనే దుకాణానికి వెళ్లాను. టైలర్ టేపు ఒక కొస కిటికీ అంచున పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. ఆయన సుద్దముక్కతో నాలా గోడ మీద గుర్తు పెట్టాడు. నేను కంగారు లేదని చాటిన పసుపు గీతకు అది రెండు జానలు కిందుగా ఉంది. అక్కడే ఎర్ర గీత వేయించాను.

ఆయన టేపు చుట్టి మెళ్లో వేసుకున్నాడు. "ఈపారి మీటింగుకు నన్ను సుత పిలువుండ్రి సార్. టేపు నేనే తెస్త."