బహ్లా రాతి ఇంట్లో విరిగిన గాజు పలకలు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక అక్టోబరు మొదటివారంలో, మస్కట్‌లోని మా కంపెనీ నన్ను ఒమాన్‌లోనే ఉన్న బహ్లా అనే పాత ఊరికి పంపింది. హోదా సీనియర్ స్ట్రక్చరల్ ఇంజనీరు. పని, ఒక పాత రాతి ఇల్లు నిలుస్తుందో లేదో తేల్చి నివేదిక ఇవ్వడం. నిలవదని నేను రాస్తే బలదియా, అంటే అక్కడి మున్సిపాలిటీ, దాన్ని కూల్చేస్తుంది.

ఊళ్లో దాన్ని ఇంగ్లీషువాడి ఇల్లు అనేవారు. ఎప్పుడో ఒక దొర తన ఊరి ఇంటిని తలుచుకుంటూ కట్టించుకున్నాడట. రాయి బహ్లా కొండది, పోలిక ఇంగ్లండుది. నున్నగా చెక్కిన మూలరాళ్లు, వాలు కప్పు, చలిమంట గూడు, మూరెడు లోతున్న కిటికీ అరుగులు. ఆ అరుగు మీద కూర్చుంటే ఖర్జూరపు తోటల మీంచి వచ్చే వెలుతురు గోడల మీద నీళ్లలా ఆడేది. మధ్యాహ్నాలు ఏ దేశంలో ఉన్నానో మరిచిపోయేవాణ్ణి. జీతం తీసుకుంటూ కలలు కనడం నాకు అక్కడే అలవాటైంది.

దొర వెళ్తూ ఇంటిని కట్టిన మేస్త్రీకే ఇచ్చేశాడు. ఆ మేస్త్రీ కొడుకు సాలిం, డెబ్బై దాటినవాడు, అందులో ఒంటరిగా ఉండేవాడు. తూర్పు గోడకు నిలువునా పగులు. పగులుకు అడ్డంగా మూడు గాజు పలకలు అతికించాను. గోడ కదిలితే పలక విరుగుతుంది, అదే సాక్ష్యం. రెండు వారాల్లో మూడూ విరిగాయి. కూల్చమని రాసి, సంతకం పెట్టి పంపేశాను. సాలింకు సంగతి చెప్పాను. అతను కహ్వా, అంటే అక్కడి కాఫీ, పోసి ఇచ్చి, సామాను ఎప్పటికల్లా తీయాలని హిందీలో అడిగాడు.

మర్నాడు పలకల ముక్కలు తీయడానికి వచ్చిన మా మేస్త్రీ రాజన్న, జగిత్యాల మనిషి, తాపీ పిడితో గోడను తడుతూ పోయాడు.

“సార్, గోడ మంచిగనే ఉన్నది. ఇనుండ్రి, మీది పూత డొల్ల మోగుతున్నది. పలకలు పూత మీదనే పెట్టినం గదా?”

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల అనుభవమని ఏదో అన్నాను. అతను నవ్వాడు. “జర ఒలిచి సూద్దాం సార్, పోయేదేమున్నది?”

నిండా మునిగాక చలేమిటని సరే అన్నాను. ఒలిచి చూస్తే ఎవరో తర్వాత పూసిన సిమెంటు అది, ఎండకు ఉబ్బి రాయిని వదిలేసింది. వెనక సారూజ్ అనే కాల్చిన మట్టి గారతో పేర్చిన రాళ్లు వెంట్రుక దూరనంత బిగువుగా ఉన్నాయి. పగులు పూతదే. పూత ఒలిచి రాతికే పలక అతికించాలని కొత్తగా చేరిన ట్రైనీకి కూడా తెలుసు. కిటికీ వెలుగులో తేలుతూ నేనే మరిచాను. సిగ్గేసింది. సాలిం మాత్రం తండ్రి పేర్చిన రాళ్లను చేత్తో ఒక్కొక్కటే తడిమి చూశాడు.

కూల్చివేత ఆపమని బలదియాను కోరి, రాతి మీద కొత్త పలకలు పెట్టి నెల రోజులు చూశాను. ఒక్కటీ విరగలేదు. నా పరిశీలన తప్పని రాసి నివేదికను వెనక్కి తీసుకున్నాను. కంపెనీ నా ఫైల్లో హెచ్చరిక లేఖ పెట్టింది. సాలిం కట్టిన మూటలు విప్పుకున్నాడు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, పూత ఒలిపించకుండా ఏ గోడ గురించీ సంతకం పెట్టలేదు. నేను కొలిచింది పూతను, కూల్చమన్నది మనిషి ఉంటున్న ఇంటిని.