పక్కన వచ్చే కారు

నలిగిన నిమ్మకాయ వాసనా, వేడెక్కిన రబ్బరు వాసనా కలిసి ముక్కుకు తగిలితే నాకు సన్యాసిరావు గారు గుర్తొస్తారు. ఈ ఉదయం మా వర్క్‌షాపు ముందు ఎవరో కొత్త కారుకు పూజ చేయించుకుని వెళ్ళారు. వాళ్ళకది శుభం. నేను మాత్రం పక్కకు చూడకుండా లోపలికి వచ్చేశాను.

అనకాపల్లి హైవే పక్కనున్న ఈ వర్క్‌షాపు ఆయనదే. తాతల నాటి బెల్లం వ్యాపారం తమ్ముళ్ళకు వదిలేసి టర్బో ఇంజన్ల వెంట పడ్డ మనిషి. నాలుగు చక్రాలూ లాగే స్పోర్ట్స్ సెడాన్లంటే ప్రాణం పెట్టేవారు. ఇంజనీరింగ్ చదివి, పెళ్ళిచూపులు తప్పించుకు తిరుగుతున్న నాకు ఉద్యోగమిచ్చి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టింది ఆయనే.

ఏ కారు ముందుగా వేగం అందుకుంటుందో పోల్చడానికి నక్కపల్లి అవతల ఒక లేఅవుటుకు వెళ్ళేవాళ్ళం. ప్లాట్ల రాళ్ళు పాతారు గానీ ఒక్క ఇల్లూ లేవలేదు. మధ్యలో తిన్నని రోడ్డు, చివర కాలవ గట్టు. లేఅవుటు యజమాని అనుమతితో గేటు మూయించి, ప్రతి చక్రం కిందా నిమ్మకాయ పెట్టేవారు. ముందు చక్రాలే లాగే కారయితే టైరు జారి కాయను విసిరికొడుతుంది. నాలుగూ లాగే కారు నాలుగు కాయల్నీ ఉన్నచోటే పచ్చడి చేస్తుంది. పూజా పరీక్షా ఒకే దెబ్బకు కానిచ్చేస్తున్నారని నేను ఏడిపించేదాన్ని. అన్నిటికీ నవ్వే మనిషి, రెండు కార్లను పక్కపక్కన వదలమంటే మాత్రం మాట మార్చేసేవారు. ఒకదాని తర్వాత ఒకటే నడపాలి.

ఒక చలికాలం పొద్దున ఇద్దరు యజమానులు తమ కార్లను పక్కపక్కనే చూడాలని పట్టుబట్టారు. నీలం కారులో నేను, నా కుడిపక్క తెల్ల కారులో సన్యాసిరావు గారు.

“ఏది వచ్చినా పక్కకి సూడకమ్మా,” అన్నారాయన.

యజమానుల్లో ఒకరు ఎత్తిపట్టుకున్న రుమాలు కిందికి దిగగానే క్లచ్ వదిలాను. కుడిపక్కన, వేగం అందుకునే టర్బో ఇంజను వేసే ఈల నాతో సమంగా వచ్చింది. నేను గేరు మారిస్తే అదీ మార్చింది. ఎంత తొక్కినా వెనకబడలేదు. ఓడిపోతానేమోనన్న పంతంతో ఆగాల్సిన చోట పాతిన జెండా దాటేశాను. మంచులోంచి గట్టు కనబడింది. అప్పుడు పక్కకు చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఈల మాత్రం అక్కడే ఉంది.

యాక్సిలరేటర్ మీంచి నా కాలు దానంతటదే లేచింది. శబ్దం నన్ను దాటి, రోడ్డే లేని గట్టు వైపు పోయింది. బ్రేకు తొక్కి ఎలా ఆగానో తెలియదు. అద్దంలో చూస్తే తెల్ల కారు బయల్దేరిన చోటే ఉంది. సిగ్నలు పడగానే దాని ఇంజను ఆగిపోయిందట. సన్యాసిరావు గారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు.

“కుడిపక్కనొచ్చిందా? దాటిందా?”

కాలు తీశాక దాటిందన్నాను. ఆయన ప్లాటు రాయి మీద కూలబడ్డారు. ఏ కారు నడిపినా అది ఆయనకు సమంగానే వచ్చేదట. జెండా దగ్గర ఆయన ఆగితే అదీ ఆగేదట. మధ్యలో కాలు తీయడానికి మాత్రం ఆయనకెప్పుడూ మనసొప్పలేదట. ఇన్నాళ్ళూ ఆయన పోల్చింది కారును కారుతో కాదు, దానితో. దాన్ని వెనక్కి నెట్టే కారు కోసమే ఆ వెతుకులాటంతా.

“నానెప్పుడూ దాన్ని పోనివ్వనేకపోయేనమ్మా. నువ్వు పోనిచ్చేవు. ఇకముందు కూడా పోనియ్యి,” అన్నారు. ఆ కళ్ళలో భయం కన్నా అసూయే ఎక్కువ కనిపించింది.

పోయిన ఏడాది ఆయన ఇంట్లోనే, నిద్రలో పోయారు. సొంత తండ్రి పోయినట్టు ఏడ్చాను. కార్లను ఇప్పటికీ ఆ రోడ్డుకే తీసుకెళ్తాను. ఈల సమంగా రాగానే ఆయన చెప్పినట్టే కాలు తీసేస్తాను, పోనిస్తాను.

మొన్న కూడా అలాగే తీశాను. నన్ను దాటి మంచులోకి పోయినవి రెండు ఇంజన్లు. అందులో ఒకటి కాస్త ముందుంది. అది ఆయనదే అయ్యుండాలని కోరుకున్నాను.